పసిబిడ్డను ఎత్తే తీరులు, పట్టుకునే తీరులు: ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

పుట్టి పది రోజులైన బిడ్డకు సరిపోయే పట్టు పది నెలల బిడ్డకు సరిపోదు. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకొని గదిలో మెల్లగా తిరగడం ఎంతో మంచిది. అదే బిడ్డను అదే తీరున వేసుకొని, రెండో చేతిలో సంచి పట్టుకొని మెట్లు దిగడం ప్రమాదం. అందువల్ల ఏ పట్టు మంచిదని అడిగే ముందు మూడు విషయాలు చూసుకోవాలి: బిడ్డ మెడ నిలిచిందా లేదా, ఎత్తుకొని మీరు చేయబోయే పని ఏమిటి, మీ ఒంటి పరిస్థితి ఎలా ఉంది. ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకొని, ఇళ్లలో మామూలుగా కనిపించే పట్లను, ఎత్తే తీరులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దాం.

చాలామంది బిడ్డను ఎత్తుకున్నాక ఎలా పట్టుకోవాలన్న సంగతే ఆలోచిస్తారు. తల వెనక్కి వాలిపోవడం, మోచేయి కీలు తప్పడం, పెద్దల నడుము పట్టేయడం వంటివి మాత్రం ఎక్కువగా ఎత్తేటప్పుడో దించేటప్పుడో జరుగుతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎత్తడానికీ దించడానికీ పెద్ద పీట వేశాను. వీటన్నిటికీ ఆధారమైన సూత్రం ఒకటే: బిడ్డ బరువు ఎప్పుడూ తల వెనుక భాగం, వీపు, పిరుదులు, తొడల మీదుగా మీ చేతుల్లోకి రావాలి, మణికట్లో మోచేతులో పాదాలో పట్టుకొని లాగితే రాకూడదు.

మెడ నిలవని నెలల్లో ఎత్తడం

అప్పుడే పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఎనిమిదో వంతుకు దగ్గరగా ఉంటుంది. అంత పెద్ద తలను నిలబెట్టే బలం ఆ మెడ కండరాలకు ఇంకా వచ్చి ఉండదు. ఎక్కువమంది పిల్లలకు మూడు, నాలుగు నెలల మధ్య తల కొంత అదుపులోకి వస్తుంది. ఆరు నెలలు నిండేసరికి బాగా నిలుస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల విషయంలో ఈ లెక్కను పుట్టిన తేదీ నుంచి కాక, కాన్పు కావలసిన తేదీ నుంచి వేసుకోవాలి.

ఈ దశలో పక్క మీద ఉన్న బిడ్డను ఎత్తడానికి మూడు తీరులు వాడుకలో ఉన్నాయి. మొదటిది రెండు చంకల కింద చేతులు వేసి పైకి లేపడం. పెద్ద పిల్లల్ని ఎత్తే అలవాటు ఉన్నవాళ్ల చేతులు తెలియకుండానే ఇటు పోతాయి. ఇలా లేపినప్పుడు బిడ్డ మొండెం పైకి వస్తుంది, తల మాత్రం వెనక్కి వేలాడుతుంది. వేళ్లు చాచి తల వెనుక ఆనించినా ఆ ఆసరా అంత గట్టిది కాదు. కాబట్టి మెడ నిలిచేదాకా ఈ తీరును పూర్తిగా పక్కన పెట్టండి.

రెండోది అడుగు నుంచి ఎత్తడం. ఒక అరచేతిని బిడ్డ తలకూ మెడకూ కిందుగా, రెండో అరచేతిని పిరుదుల కిందుగా పోనిచ్చి, మీరే బిడ్డ మీదికి బాగా వంగి, ఛాతీకి దగ్గరగా తెచ్చుకున్నాకే నిటారుగా లేవాలి. బిడ్డను మీ దగ్గరికి లేపుకోవడం కాకుండా మీరు బిడ్డ దగ్గరికి వెళ్లడం ఇందులోని కిటుకు. ఎక్కువ సందర్భాల్లో ఇదే సరిపోతుంది, నేర్చుకోవడమూ తేలిక.

మూడోది పక్కకు ఒత్తిగిలించి ఎత్తడం. బిడ్డను మెల్లగా ఒక పక్కకు తిప్పి, తల మీ ముంజేతి మీద ఆనేలా ఒక చేతిని కింద పోనిచ్చి, రెండో చేతిని కాళ్ల మధ్య నుంచి పిరుదుల కిందికి తెచ్చి, ఆ పక్కవాటు భంగిమలోనే పైకి తీసుకోవాలి. చూడటానికి కాస్త చుట్టుదారిలా ఉన్నా, ఇందులో తల ఒక్క క్షణం కూడా ఆసరా లేకుండా ఉండదు. త్వరగా ఉలిక్కిపడే బిడ్డకు, పాలు కక్కే బిడ్డకు, నెలలు నిండక పుట్టిన బిడ్డకు నేను రెండోదాని కంటే దీన్నే సిఫారసు చేస్తాను.

దించేటప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది. ముందు పిరుదులు, తరువాత వీపు, చివరగా తల పరుపుకు తాకాలి. తల కింది చేతిని అన్నిటికంటే చివరగా, నిదానంగా తీయాలి. తల ఒక్కసారిగా వెనక్కి జారినట్టు అనిపిస్తే చంటిబిడ్డ చేతులు బార్లా చాచి ఉలిక్కిపడుతుంది. మోరో ప్రతిచర్య అని పిలిచే ఈ అలవాటు తొలి నెలల్లో సహజమే, నాలుగు నుంచి ఆరు నెలల మధ్య తగ్గిపోతుంది. చేతుల్లో హాయిగా నిద్రపోయి పక్క మీద పెట్టగానే ఏడ్చే పిల్లల్లో కొందరి విషయంలో, తలను ముందుగా దించడమూ ఒక కారణం కావచ్చు.

నిద్రపుచ్చి దించడం గురించి జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2022లో ఒక పరిశీలన ప్రచురించారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకొని ఎక్కడా ఆగకుండా 5 నిమిషాలు నడవాలి. నిద్రపట్టాక వెంటనే దించకుండా ఎత్తుకొనే 5 నుంచి 8 నిమిషాలు కూర్చోవాలి. ఆ తరువాత పడుకోబెట్టాలి. బిడ్డ మేల్కొనేది వీపు పరుపుకు తగిలినందుకు కాదనీ, ఎత్తుకున్నవాళ్ల ఒంటి నుంచి విడిపోవడం మొదలైనప్పుడే గుండె వేగం మారుతుందనీ వాళ్లు గమనించారు. పరిశీలించినది కొద్దిమంది పిల్లలనే అయినా, చేసి చూడటానికి ఏ ఖర్చూ ఏ హానీ లేని సలహా ఇది.

తొలి నెలల పట్లు: ఒడి, భుజం, ముంజేయి, ఛాతీ

మోచేతి మడతలో తల ఆనించి, ముంజేతి మీద వీపు, అరచేతిలో పిరుదులు ఉండేలా ఒడిలో పట్టుకోవడం అన్నిటికంటే సహజమైన పట్టు. బిడ్డ మొహం కనిపిస్తుంది, ఊపిరి తీరు తెలుస్తుంది, రెండో చేయి కొంత ఖాళీగా ఉంటుంది. ఇందులో చూసుకోవలసినవి రెండు. బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకొని మెడ ముందుకు ముడుచుకుపోకూడదు. చంటిబిడ్డ గాలిగొట్టం సన్నగా, మెత్తగా ఉంటుంది కనుక అలా ముడుచుకుంటే ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. గడ్డానికీ ఛాతీకీ మధ్య మీ వేలు పట్టేంత సందు ఉంటే చాలు. రెండోది, ఎప్పుడూ ఒకే చేతి మీద పెట్టుకోకూడదు. కుడిచేతి వాటం వాళ్లలోనూ ఎడమచేతి వాటం వాళ్లలోనూ ఎక్కువమంది తల్లులు బిడ్డను ఎడమవైపే ఎత్తుకుంటారని 1960లోనే పరిశోధకులు గుర్తించారు. అది తప్పేమీ కాదు, కానీ బిడ్డ తల ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే మెడ ఒక పక్కకు బిగుసుకుపోవచ్చు, తల ఒక పక్క చదునుకావచ్చు. రోజులో కొంతసేపైనా చేయి మార్చుకోవాలి.

భుజాన వేసుకోవడం పాలు తాగిన తరువాతి వేళకు తగినది. బిడ్డ గడ్డం మీ భుజం మీద ఆని, ముక్కూ నోరూ బట్టలో కూరుకుపోకుండా తల ఒక పక్కకు తిరిగి ఉండాలి; ఒక అరచేయి పిరుదుల కింద, రెండోది మెడ వెనుక ఉండాలి. పాలు కక్కే బిడ్డను తాగించాక 20, 30 నిమిషాలు ఇలా నిటారుగా ఉంచితే తేన్పు సులువుగా వస్తుంది, కక్కడం తగ్గుతుంది. ఒడి పట్టుతో పోలిస్తే ఇందులో ఒక లోటు ఉంది: బిడ్డ మొహం మీకు కనిపించదు. అందువల్ల బిడ్డ నిద్రపోతే ఒడిలోకి మార్చుకోవడమో పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టడమో మంచిది.

కడుపుబ్బరంతో ముడుచుకుపోయి ఏడ్చే బిడ్డకు మూడో పట్టు పనికొస్తుంది. బిడ్డను బోర్లా మీ ముంజేతి పొడవునా పడుకోబెట్టి, చెంప మోచేతి మడత దగ్గర ఆనేలా, కాళ్లు ముంజేతికి చెరో పక్క వేలాడేలా ఉంచి, రెండో చేతిని వీపు మీద ఆనించాలి. పొట్ట మీద పడే మెత్తని ఒత్తిడి చాలామంది పిల్లలకు ఊరటనిస్తుంది. రెండో చేయి వీపును వదలకూడదు కనుక ఈ పట్టుతో వేరే పని చేయడం కుదరదు. బోర్లా పట్టుకోవడం మెలకువగా ఉన్న పెద్దల చేతుల్లోనే. పక్క మీద మాత్రం బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి.

ఛాతీకి ఛాతీ ఆనించి చర్మం తగిలేలా పెట్టుకోవడం బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు చికిత్సలాంటిది. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో డాక్టర్ ఎడ్గర్ రే పనిచేసిన ఆసుపత్రిలో, పిల్లల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలక, తల్లుల ఛాతీ మీదే పిల్లల్ని కట్టి ఉంచడంతో మొదలైన ఈ పద్ధతిని కంగారూ సంరక్షణ అంటారు. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు, బరువు తక్కువ బిడ్డలకు రోజుకు 8 నుంచి 24 గంటలు దీన్ని అందించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. నెలలు నిండి పుట్టిన బిడ్డకూ ఇది మంచిదే, తండ్రులూ చేయవచ్చు.

పైవాటిలో ఏది ఎంచుకున్నా, మీకు నిద్ర ముంచుకొస్తున్నప్పుడు బిడ్డను ఎత్తుకొని సోఫాలోనో వాలుకుర్చీలోనో కూలబడవద్దు. అక్కడ బిడ్డతో కలిసి నిద్రలోకి జారుకోవడం ఊపిరాడకపోవడానికి దారితీసే అత్యంత ప్రమాదకరమైన స్థితుల్లో ఒకటి. ఇంకొకరికి అందించండి, ఎవరూ లేకపోతే ఏడ్చినా సరే, తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు కళ్లు మూసుకోండి. నడినెత్తిన మెత్తగా తగిలే మాడు గురించి కొందరు భయపడి తలనే తాకరు. దాని కింద గట్టి పొర ఉంటుంది, మామూలుగా చేయి ఆనిస్తే ఏమీ కాదు.

కూర్చోవడం వచ్చాక: చంక, ముందుకు తిప్పి పట్టుకోవడం, వీపు, భుజాలు

ఆరు నెలల తరువాత, బిడ్డ ఆసరా లేకుండా కొంతసేపు కూర్చోగలిగినప్పుడు, చంకన ఎత్తుకోవడం అన్నిటికంటే నమ్మదగిన పట్టు అవుతుంది. బిడ్డ కాళ్లు మీ నడుముకు ఒకటి ముందు, ఒకటి వెనుక ఉంటాయి. పిరుదుల కింద మీ ముంజేయి పీటలా ఉంటుంది. మోకాళ్లు పిరుదుల కంటే కొంచెం ఎత్తున, తొడలు విచ్చుకొని, కప్ప కాళ్లు మడిచినట్టు కుదురుతాయి. తుంటి కీలు సరిగా ఎదగడానికి ఈ భంగిమ ఎంతో మేలు చేస్తుంది. తుంటి కీలు గుంటలో సరిగా కుదురుకోని లోపం కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఉంటుంది. అలాంటివాళ్లకు, ముఖ్యంగా తొలి ఆరు నెలల్లో, కాళ్లు నిటారుగా కిందికి చాచి బిగించి కట్టడం కీలును ఇంకా పాడుచేస్తుంది. కాబట్టి పొత్తిళ్లలో చుట్టినా, ఎత్తుకున్నా, కాళ్లు మడుచుకొని కదిలించుకునే వీలు ఉండాలి.

చంక పట్టుకు మూల్యం చెల్లించేది ఎత్తుకున్నవాళ్ల నడుమే. బిడ్డను ఆనించడానికి తుంటిని ఒక పక్కకు తోసి నిలబడే అలవాటు వెన్నుపూసను వంకరగా ఉంచుతుంది. ఎత్తుకున్నప్పుడు తుంటిని లోపలికి తెచ్చి రెండు పాదాల మీదా సమానంగా నిలబడాలి. ఒక పక్క నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా తరచూ పక్క మార్చుకోవాలి.

బిడ్డ వీపు మీ ఛాతీకి ఆనేలా, మొహం ముందుకు తిప్పి పట్టుకోవడం లోకం చూడాలని ఆరాటపడే ఐదారు నెలల పిల్లలకు ఇష్టం. ఒక చేయి ఛాతీ అడ్డంగా, రెండోది తొడల కింద ఉండాలి. కాళ్లు కిందికి వేలాడనివ్వకుండా కూర్చున్నట్టు మడిచి పట్టుకోవాలి. కాసేపటికి ఇది బాగుంటుంది. ఎక్కువసేపటికి మాత్రం తగదు: బిడ్డ మొహం మీకు కనిపించదు, అలసిపోయినప్పుడు చెంప ఆనించడానికి బిడ్డకు చోటు ఉండదు.

పెద్ద పిల్లల్ని వీపున ఎక్కించుకోవడం నడుముకు చంక కంటే సమతూకంగా ఉంటుంది, అయితే బిడ్డ తన చేతులతో గట్టిగా పట్టుకోగలిగే వయసు రావాలి. భుజాల మీద కూర్చోబెట్టుకోవడం పిల్లలకు సంబరమే గాని, భద్రతలో ఇదే చివరి వరుసది. పడితే మనిషెత్తు నుంచి పడతారు. ద్వారబంధాలు, తిరుగుతున్న ఫ్యాన్లు తల ఎత్తుకు వస్తాయి. చెప్పిన మాట విని కదలకుండా కూర్చునే వయసు రాని పిల్లలకు ఇది వద్దు. ఆ వయసు వచ్చినవాళ్లను కూడా ఆరుబయట చదునైన నేల మీద, రెండు కాళ్లూ పట్టుకొని మాత్రమే కూర్చోబెట్టుకోండి.

చేతులా, జోలెనా, బకిల్స్ ఉన్న క్యారియరా

ఎక్కువసేపు ఎత్తుకోవడం బిడ్డను చెడగొడుతుందన్న మాటను నేను ఒప్పుకోను. హన్‌జికర్, బార్ అనే పరిశోధకులు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ మామూలు కంటే ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో, అంటే ఏడుపు పతాక స్థాయికి చేరే దశలో, మిగతావాళ్ల కంటే 43 శాతం తక్కువగా ఏడ్చారు. తరువాతి అధ్యయనాలన్నీ ఇంత పెద్ద తేడా చూపలేదు. ఎత్తుకోవడం వల్ల చెరుపు జరుగుతుందని మాత్రం ఏదీ చెప్పలేదు. అయితే అన్ని గంటలు చేతుల మీద మోయడం ఎవరికీ సాధ్యం కాదు కనుక బిడ్డను ఒంటికి కట్టుకొని మోసే జోలె, క్యారియర్ లాంటి వాటి అవసరం వస్తుంది.

కాసేపటికైతే చేతులకు మించినది లేదు; బిడ్డ ఊపిరి, వేడి, కదలిక మీకు నేరుగా తెలుస్తాయి. అరగంటకు మించితే చేతులు అలసి పట్టు సడలుతుంది. అప్పుడు మూడు ఎంపికలుంటాయి. ఒంటికి రెండు మూడు చుట్లు చుట్టి ముడివేసే పొడవాటి గుడ్డ చంటిబిడ్డ ఒంటికి చక్కగా అమరుతుంది, బరువును రెండు భుజాలకూ పంచుతుంది. చుట్టడం నేర్చుకోవడానికి ఓపిక కావాలి, సరిగా బిగించకపోతే బిడ్డ జారి ముడుచుకుపోతుంది. ఒక భుజానికి వేసుకునే జోలె వేగంగా వేసుకోవచ్చు, తీయవచ్చు. బరువంతా ఒకే భుజం మీద పడుతుంది. బకిల్స్ ఉన్న క్యారియర్ నడుము పట్టీ వల్ల బరువును తుంటి మీదికి దించుతుంది, ఇంట్లో ఎవరు వేసుకున్నా పట్టీలు సరిచేసుకోవచ్చు. అయితే చంటిబిడ్డకు ఆ పీట మరీ వెడల్పు కావచ్చు, కనుక తయారీదారు చెప్పిన కనిష్ఠ, గరిష్ఠ బరువులను చూసుకోవాలి.

జోలెల విషయంలో ఒక హెచ్చరికను తప్పక గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలోని వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2010 మార్చిలో, అంతకుముందు 20 ఏళ్లలో జోలెలకు సంబంధించిన కనీసం 14 శిశు మరణాలు తన దృష్టికి వచ్చాయని, వాటిలో 12 నాలుగు నెలల లోపు పిల్లలవని ప్రకటించింది. ఇలాంటి మరణాలకు దారితీసేవి రెండు: గుడ్డ ముక్కునూ నోటినీ మూసేయడం, సంచిలాంటి జోలెలో వెన్ను ముడుచుకుని గడ్డం ఛాతీకి ఆనడం. రెండింటిలోనూ ఏడవడం, పెనుగులాడటం బిడ్డకు సాధ్యం కాదు. పక్కనున్నవాళ్లకు చప్పుడే వినిపించదు. అందుకే ఏది ఎంచుకున్నా బిడ్డ మీ ఒంటికి గట్టిగా హత్తుకొని ఉండాలి, కిందికి చూస్తే మొహం కనిపించాలి, తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టగలిగేంత ఎత్తున ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు, వీపుకు ఆసరా ఉండాలి. అడ్డంగా పడుకోబెట్టే లోతైన సంచి జోలెలను నాలుగు నెలల లోపు పిల్లలకు నేను అసలు సూచించను. నెలలు నిండక పుట్టిన బిడ్డకు, జలుబుతో ఊపిరి ఇబ్బందిగా ఉన్న బిడ్డకు ఏ క్యారియరైనా పిల్లల వైద్యుణ్ణి అడిగాకే వాడాలి. మెడ పూర్తిగా నిలిచేదాకా మొహం మీ వైపే ఉండాలి; వీపు మీద కట్టుకోవడం బిడ్డ కూర్చోవడం వచ్చాకే.

క్యారియర్‌లో బిడ్డ ఉండగా పొయ్యి దగ్గర నిలబడకండి, వేడి పానీయం తాగకండి, వాహనం నడపకండి. కింద పడినదాన్ని తీయాలంటే నడుము వంచకుండా మోకాళ్లు వంచి, ఒక చేయి బిడ్డ మీద ఆనించి కూర్చోండి.

పెద్దల నడుము: నేల నుంచి, తొట్టి నుంచి, కారు నుంచి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం సగటు మగబిడ్డ పుట్టినప్పుడు 3.3 కిలోలు, ఆరు నెలలకు 7.9, ఏడాదికి 9.6, రెండేళ్లకు 12.2, మూడేళ్లకు 14.3 కిలోలు ఉంటాడు. ఆడబిడ్డ కొద్దిగా తక్కువ. బరువు మెల్లగా పెరుగుతుంది కనుక ఎత్తే తీరు మార్చుకోవాలన్న సంగతి మనకు తోచదు. అసలు చిక్కు బరువుది కాదు, దూరానిది. కార్మికులు బరువులెత్తడానికి అమెరికా వృత్తి భద్రత సంస్థ రూపొందించిన సూత్రం చూస్తే ఇది స్పష్టమవుతుంది. అన్నీ అనుకూలంగా ఉండి, బరువు ఒంటికి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 23 కిలోలదాకా ఎత్తవచ్చని అది అంటుంది. అదే బరువు 50 సెంటీమీటర్ల దూరానికి జరిగితే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకు పడిపోతుంది. ఆ సూత్రం పెట్టెల కోసం తయారైనదే, కదిలే పిల్లల కోసం కాదు. అయినా చేతులు చాచి తొట్టి అంచు మీదుగా ఏడాది బిడ్డను లాగేటప్పుడు మీ నడుము ఎంత భారం మోస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

నేల మీద కూర్చున్న బిడ్డను ఎత్తడానికి నడుము వంచి లాగడం, గొంతుక్కూర్చొని లేవడం, ఒక మోకాలు నేలకు ఆనించి లేవడం అని మూడు దారులున్నాయి. మొదటిది వేగంగా అవుతుంది, రోజుకు పదులసార్లు అలా చేస్తే నడుము పట్టేయడం ఖాయం. గొంతుక్కూర్చోవడం మోకాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు బాగుంటుంది. అందరికీ నేను సూచించేది మూడోది. బిడ్డకు బాగా దగ్గరగా వెళ్లి, ఒక మోకాలు నేలకు ఆనించి, బిడ్డను ముందు మీ ఎత్తైన తొడ మీదికి తెచ్చుకొని, అక్కడ పట్టు సరిచేసుకొని, ఛాతీకి హత్తుకొని, కాలి బలంతో పైకి లేవాలి. లేస్తూ నడుము తిప్పకండి. ఎటు వెళ్లాలో అటు పాదాలనే తిప్పండి. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యలూ అమ్మమ్మలూ కుర్చీలో కూర్చొని బిడ్డనే దగ్గరికి రప్పించుకొని ఒడిలోకి ఎక్కించుకోవడం ఇంకా మేలు.

తొట్టికి దించే అంచు ఉంటే ముందు దాన్ని దించండి. బిడ్డ లేచి నిలబడటం మొదలుపెట్టగానే పరుపును కిందికి దించక తప్పదు, దాంతో మీరు వంగే లోతు పెరుగుతుంది. అప్పుడు బిడ్డను లేచి నిలబడమని, అంచు దగ్గరికి రమ్మని పిలిచి ఎత్తుకోవడం మంచిది. కారు సీటులో కూర్చోబెట్టేటప్పుడు బయట నిలబడి చేతులు చాచి తిప్పకండి; ఒక పాదమో మోకాలో కారు లోపల పెట్టి, సీటుకు ఎదురుగా ఉండి దించండి. బిడ్డతో సహా మోసే కారు సీటును మోచేతికి తగిలించుకోవడం కంటే రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకోవడం, అంతకంటే బిడ్డను తీసి ఎత్తుకోవడం నడుముకు సుఖం. స్నానం చేయించాక తడి బిడ్డ జారుతుంది. పొడి తువాలు ఒంటికి చుట్టాకే ఎత్తాలి. మెట్ల మీద ఒక చేయి బిడ్డది, ఒక చేయి కమ్మీది. మూడో వస్తువుకు చోటు లేదు.

చేతులు పట్టి లాగడం, ఊపడం, ఎగరేయడం, కుదపడం

ఈ నాలుగింటికీ పోలిక అక్కర్లేదు, ఏదీ ఎంచుకోదగినది కాదు. అయితే ఎందుకో తెలిస్తేనే మానడం తేలిక.

ఒక ఏడాది నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లల్లో మోచేయి దగ్గర ముంజేతి బయటి ఎముక తలను పట్టి ఉంచే ఉంగరంలాంటి స్నాయువు ఇంకా వదులుగా ఉంటుంది. చాచిన చేతిని ఒక్కసారి లాగితే ఎముక తల దాని నుంచి జారిపోతుంది. పడబోతున్న బిడ్డను చేయి పట్టి గుంజడం, రెండు చేతులూ పట్టుకొని గుండ్రంగా తిప్పడం, చెరొక చేయి పట్టుకొని ఇద్దరు పెద్దలు ఊపుతూ నడిపించడం, చొక్కా చేతిలోంచి బిడ్డ చేయిని విసురుగా లాగడం, ఇవే దీనికి దారితీస్తాయి. వాపు కనిపించదు, బిడ్డ ఆ చేతిని వాడటం మానేసి, కొంచెం వంచి ఒంటికి ఆనించుకొని ఉంటుంది, తాకితే ఏడుస్తుంది. ఇంట్లో లాగి సరిచేయబోకండి. వైద్యులు దాన్ని క్షణాల్లో కుదురుస్తారు, కాసేపటికే బిడ్డ మళ్లీ ఆ చేతితో ఆడుకుంటుంది. ఒకసారి జారిన చేయి మళ్లీ జారే అవకాశం ఎక్కువ కనుక ఆ తరువాత ఇంకా జాగ్రత్త పడాలి. మెడ నిలిచిన బిడ్డను చంకల కింద, పక్కటెముకల చుట్టూ అరచేతులు వేసి ఎత్తడం వీటన్నిటికీ బదులు.

కుదపడం గురించి తీవ్రంగా చెప్పక తప్పదు. పసిబిడ్డను పట్టుకొని విసురుగా ముందుకూ వెనక్కూ కుదిపితే మెదడులో, కళ్లలో రక్తస్రావం జరుగుతుంది. చూపు పోవచ్చు, జీవితాంతం వైకల్యం మిగలవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఎంతకీ ఆగని ఏడుపుతో విసిగిపోయిన ఘడియలోనే ఇది ఎక్కువగా జరుగుతుంది. ఏడుపు ఎంతో ప్రేమగల పెద్దల్నీ ఆ అంచుకు తీసుకెళ్లగలదు. అలాంటి ఘడియ వస్తే బిడ్డను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటికి వచ్చి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ లోపలికి వెళ్లండి. ఎవరికైనా ఫోను చేయండి. ఆ కొద్ది నిమిషాల ఏడుపు బిడ్డకు ఏ హానీ చేయదు. మోకాళ్ల మీద మెల్లగా ఊపడం, నడుస్తూ జోకొట్టడం ఈ కోవలోకి రావు. గాల్లోకి ఎగరేసి పట్టుకోవడం మాత్రం, ఒక్కసారి పట్టు తప్పినా నేల మీద పడేది తలే కనుక, నవ్వుల కోసం చేయదగిన పని కాదు.

ఒంటి పరిస్థితిని బట్టి మార్చుకోవలసినవి

సిజేరియన్ అయిన తల్లి దాదాపు ఆరు వారాలు తన బిడ్డ కంటే బరువైనది ఏదీ ఎత్తకపోవడం మంచిది. బిడ్డను ఇంకొకరు తెచ్చి చేతికందించడం, మధ్యలో దిండు పెట్టుకొని కుట్ల మీద ఒత్తిడి పడకుండా చంక పక్కగా పట్టుకోవడం ఆ రోజులకు సరిపోతాయి. ఇంట్లో రెండేళ్ల మొదటి బిడ్డ కూడా ఉంటే ఆ బిడ్డను ఎత్తుకోవడమే అసలు ప్రమాదం. తల్లి మంచం మీద కూర్చుంటే, బిడ్డ పీట ఎక్కి పక్కన చేరవచ్చు.

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి మొదలైతే అది చాలావరకు ఎత్తే తీరు వల్ల వచ్చినదే. 1895లో స్విస్ శస్త్రవైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వాన్ వర్ణించిన ఈ స్నాయువుల వాపు కొత్త తల్లుల్లోనూ, బిడ్డను రోజంతా చూసుకునే ఇతరుల్లోనూ తరచూ కనిపిస్తుంది. బొటనవేలిని చాచి, దానికీ చూపుడువేలికీ మధ్య బిడ్డ చంకను ఇరికించి ఎత్తడం దీన్ని రేపుతుంది. బొటనవేలిని మిగతా వేళ్లకు ఆనించి, అరచేతులు పైకి చూసేలా, ముంజేతులతో అడుగు నుంచి ఎత్తితే భారం మణికట్టు దాటి పైకి పోతుంది.

కండరాలు బిగుసుకుపోయే బిడ్డను, ఉదాహరణకు సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను, చంకల కింద పట్టి లేపితే కాళ్లు ఇంకా నిటారుగా బిగిసి కత్తెరలా దాటుకుంటాయి. ముందు పక్కకు ఒత్తిగిలించి, తుంటినీ మోకాళ్లనూ మడిచి, కూర్చున్న భంగిమలోనే ఎత్తాలి. కండరాలు మరీ మెత్తగా ఉన్న బిడ్డ చంకల పట్టులోంచి జారిపోతుంది. తొడలను దగ్గరకు చేర్చి, వీపుకూ పిరుదులకూ నిండుగా ఆసరా ఇవ్వాలి. ఫిజియోథెరపిస్టును అడిగితే మీ బిడ్డకు తగిన పట్టును చేసి చూపిస్తారు.

చెల్లినో తమ్ముడినో ఎత్తుకుంటామని అడిగే పిల్లలకు వద్దని చెప్పి నొప్పించనక్కర్లేదు. నేల మీదో వెడల్పాటి పక్క మీదో గోడకు ఆనుకొని కూర్చోమని, ఒడిలో దిండు పెట్టి, దాని మీద బిడ్డను పడుకోబెట్టి, తల కింద మీ చేయి ఉంచండి. బిడ్డను పట్టుకొని నిలబడటం, నడవటం మాత్రం వాళ్ల పని కాదని ముందే చెప్పండి. అలసిపోయామని వాళ్లు అన్న వెంటనే బిడ్డను తీసుకోండి.